డెట్రాయిట్ లయన్స్ 2023 డ్రాఫ్ట్: ఒక అభిమాని లెక్క

బంతిని చేతపట్టి పరుగెత్తుతూ, విసురుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో అగ్రస్థానం 32 జట్లున్న నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ది. కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను ఆ లీగ్ ఏటా వసంతకాలంలో తన జట్లకు పంచే పద్ధతినే డ్రాఫ్ట్ అంటారు. 1936లో మొదలైన ఈ పంపకంలో, ఐపీఎల్ వేలంలో లాగా ఎక్కువ ధర పెట్టినవారికి కాక, వంతు వచ్చినవారికి ఆటగాడు దక్కుతాడు. గత సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు దక్కే ఈ ఎంపిక ఏడు రౌండ్ల పాటు సాగుతుంది. అయితే జట్లు తమ వంతులను, రాబోయే ఏళ్ల వంతులను సైతం, ఇచ్చిపుచ్చుకోవచ్చు కనుక, ఎవరిని తీసుకున్నారన్న దానితోపాటు ఆ వంతు ఎలా వచ్చిందో కూడా చూస్తేనే ఒక జట్టు డ్రాఫ్ట్ విలువ తెలుస్తుంది.

డెట్రాయిట్ లయన్స్ అభిమానులకు ఈ పరిశీలన చాలాకాలం నిరాశనే మిగిల్చింది. 2008లో ఆడిన 16 ఆటలూ ఓడిన ఆ జట్టు 1992 జనవరి తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఒక్క ప్లేఆఫ్ విజయమూ ఎరుగలేదు. ట్రాయ్, నోవై, కాంటన్ వంటి శివారు పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు పెరిగింది ఈ ఓటముల కాలంలోనే. 2021లో జనరల్ మేనేజర్‌గా వచ్చిన బ్రాడ్ హోమ్స్, ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో పన్నెండేళ్లు ఆడిన మాథ్యూ స్టాఫర్డ్‌ను లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఇచ్చి, బదులుగా క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను, వాళ్ల 2022, 2023 మొదటి రౌండ్ వంతులను, ఒక మూడో రౌండ్ వంతును తీసుకున్నాడు. ఆ 2023 వంతు ఆరో స్థానంలో పడింది. హోమ్స్ దాన్ని నేరుగా వాడుకోకుండా అరిజోనా కార్డినల్స్‌కు 81వ వంతుతో కలిపి ఇచ్చి, ప్రధానంగా 12, 34వ వంతులను సంపాదించాడు.

ఆ పన్నెండో వంతుకు అలబామా విశ్వవిద్యాలయం నుంచి జమీర్ గిబ్స్‌ను, తన సొంత 18వ వంతుకు ఐయోవా నుంచి జాక్ క్యాంప్‌బెల్‌ను ఎంచుకున్నప్పుడు విశ్లేషకులు చాలామంది పెదవి విరిచారు. గిబ్స్ రన్నింగ్ బ్యాక్, అంటే బంతి అందుకుని ప్రత్యర్థుల గోడను ఛేదిస్తూ పరుగెత్తేవాడు; క్యాంప్‌బెల్ లైన్‌బ్యాకర్, అంటే రక్షణ మధ్యలో నిలబడి ఆ పరుగును ఆపేవాడు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందం నుంచీ కొత్త ఆటగాడి జీతం అతని వంతును బట్టే స్థిరపడుతోంది కనుక, బజారులో ఖరీదైన స్థానాలను మొదటి రౌండ్‌లో చవకగా నింపుకోవాలని, చవకగా దొరికే ఈ రెండు స్థానాలపై విలువైన వంతులను ఖర్చు చేయకూడదని విమర్శకుల వాదన. ఆర్థికంగా అది సరైన తర్కమే, కానీ స్థానానికి కట్టిన సగటు ధర ఆ స్థానంలో ఆడే ఒక నిర్దిష్ట ఆటగాడి విలువను చెప్పలేదు. డెట్రాయిట్ కొనుక్కున్నది స్థానాన్ని కాదు, గిబ్స్ వేగాన్ని.

ఫలితం చూడటానికి ఎక్కువకాలం పట్టలేదు. గిబ్స్ 2023లో 945, 2024లో 1,412 గజాలు పరుగెత్తాడు. రెండో ఏడాది మొత్తం 20 టచ్‌డౌన్లు, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించిన సందర్భాలు, అతని పేరున నమోదయ్యాయి. 34వ వంతుకు వచ్చిన శామ్ లాపోర్టా టైట్ ఎండ్, అంటే అడ్డుగోడగా నిలబడటమూ బంతి అందుకోవడమూ రెండూ చేయవలసినవాడు. తొలి ఏడాదిలోనే 86 బంతులు అందుకుని ఆ స్థానంలో కొత్త ఆటగాళ్ల రికార్డును నెలకొల్పాడు. ఆ రికార్డు మరుసటి ఏడాదే చెరిగిపోయినా, గిబ్స్, లాపోర్టా ఇద్దరూ స్టాఫర్డ్ బదిలీ గొలుసు నుంచే పుట్టారన్నది లయన్స్ అభిమాని గర్వంగా గుర్తుంచుకోవలసిన లెక్క. 45వ వంతుకు దక్కిన వెనుకవరుస రక్షకుడు బ్రయన్ బ్రాంచ్ తన తొలి ఆటలోనే, అప్పటి విజేత కాన్సాస్ సిటీ చీఫ్స్ బంతిని మధ్యలో అందుకుని 50 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఆటను లయన్స్ గెలిచింది ఒకే ఒక్క పాయింటు తేడాతో. క్యాంప్‌బెల్ కాస్త నెమ్మదిగా కుదురుకుని, 2024లో జట్టులో అందరికంటే ఎక్కువమందిని నేలకూల్చాడు.

అభిమానం ఎంత ఉన్నా దాచకూడనిది కూడా ఉంది. 68వ వంతుకు తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ హెండన్ హూకర్ ప్రధాన ఆటగాడు కాలేకపోయాడు. వేరే వంతులను వదులుకుని 96వ స్థానంలో తెచ్చుకున్న బ్రాడ్రిక్ మార్టిన్ మొదటి రెండు సీజన్లలో మైదానంలో అరుదుగానే కనిపించాడు. ఈ డ్రాఫ్ట్‌లో నిజంగా వృథా అయిన ఖర్చు ఇదే. ఆరో వంతును వదులుకున్నందువల్ల తొమ్మిదో వంతుకు ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు వెళ్లిన బలమైన రక్షకుడు జాలెన్ కార్టర్ అవకాశం చేజారింది. 2024 జనవరిలో లీగ్ సెమీఫైనల్ స్థాయి ఆటలో విరామానికి 24-7 ఆధిక్యంలో ఉన్న లయన్స్ చివరకు 34-31తో శాన్ ఫ్రాన్సిస్కోకు తలవంచినప్పుడు, రక్షణలో అటువంటివాడు ఉండి ఉంటే అనుకోని అభిమాని ఉండడు.

అయినా ఆ ఆట దాకా జట్టు వచ్చిందంటే, 1993 తరువాత తొలిసారి తన విభాగాన్ని గెలిచిందంటే, ఆపై ఏడాది 17 ఆటల్లో 15 గెలిచిందంటే, ఆ విజయాల్లో మొదటి నలుగురి భాగం పెద్దది. మూడో రౌండ్ వంతుల వైఫల్యాన్నీ కార్టర్‌ను వదులుకున్న నష్టాన్నీ తీసివేసినా, 2023 డ్రాఫ్ట్ డెట్రాయిట్ ఇటీవలి చరిత్రలో అత్యుత్తమమైన వాటిలో ఒకటి. ఆ రాత్రి దానికి తక్కువ మార్కులు వేసినవారు తప్పు లెక్క వేశారు.