బ్రిజిత్ బార్దో: తొలినాటి తెరరూపము

చలనచిత్ర తార తెరరూపము వేరు, ఆమె నిజరూపము వేరు. ప్రేక్షకులు తరచుగా మొదటిదానినే రెండవదిగ భ్రమింతురు. ఫ్రెంచి నటి బ్రిజిత్ బార్దో తొలి చిత్రముల చరిత్ర ఇందుకు తగిన నిదర్శనము.

బార్దో 1934లో పారిస్ నగరమున ఒక సంపన్న కుటుంబమునందు జన్మించెను. బాల్యముననే బాలే నృత్యము నభ్యసించి, పారిస్ కన్సర్వెత్వార్ నందు శిక్షణ పొందెను. 1950లో 'ఎల్' అను స్త్రీల పత్రిక ముఖచిత్రముగ కన్పించి, దర్శకుడు మార్క్ అల్లెగ్రే దృష్టి నాకర్షించెను. ఆయన సహాయకుడైన రోజె వాదిమ్‌తో 1952లో ఆమెకు వివాహమైనది. ఆ యేడే చిత్రరంగ ప్రవేశమును జరిగెను.

పిమ్మట నాలుగేండ్లలో పదికి పైగా చిత్రములలో నటించినను, అందు పెక్కు చిన్న పాత్రలు, అల్లరిపిల్ల వేషములు. 1956లో వాదిమ్ తన తొలి దర్శకత్వమున 'దేవుడు స్త్రీని సృష్టించెను' అను అర్థము గల చిత్రమును తీసెను. సాఁ త్రొపే సముద్రతీరమున, సినిమాస్కోప్ తెరకై, రంగులలో తీసిన చిత్రమది. అందు బార్దో జూలియెట్ అను అనాథ యువతి. విరబోసిన జుట్టు, చెప్పులులేని పాదములు, లోకమునకు వెరవని చూపు, చివర మాంబో నృత్యము: ఇవియే ఆమె ముద్రలైనవి. 1957లో అమెరికాలో ఈ చిత్రము ఫ్రాన్సును మించిన ఆదరణ పొందెను.

ప్రేక్షకులు దీనిని కేవలము సహజత్వమని తలచిరి. కాని ఆ నడకలోని సొగసు ఏండ్ల తరబడి చేసిన నృత్యసాధన ఫలము. ఆ బంగారువన్నె కురులు సహజమైనవి కావు. ఆమె జుట్టు కపిలవర్ణము. జూలియెట్ మాటలును దర్శకుని కలము నుండి వెలువడినవే.

1959లో సిమోన్ ద బోవ్వార్ ఒక వ్యాసమున ఈ రూపమును పరిశీలించెను. ప్రణయమున స్త్రీ పురుషునితో సమముగ, జంకు లేక వర్తించుటయే పెక్కుమందికి దుస్సహమైనదని ఆమె భావము.

ఈ కీర్తికి బార్దో చెల్లించిన మూల్యము తరువాతి చిత్రములందు కాననగును. క్లూజో తీసిన 'సత్యము' (1960)లో హత్యానేరము మోపబడిన యువతి కృత్యముకంటె ఆమె జీవనవిధానమే విచారణకు గురియగును. లూయి మాల్ తీసిన 'వ్యక్తిగత జీవితము' (1962)లో ఛాయాగ్రాహకులు ఒక తారను వెంటాడి వేధింతురు. ఈ కథకు బార్దో అనుభవములే ఆధారము. నలుబదియేండ్లు నిండకమున్నే, 1973లో, ఆమె నటన విరమించెను. తెరపై స్వేచ్ఛకు ప్రతీకగ నిలిచిన స్త్రీకి తెర వెలుపల ఆ స్వేచ్ఛ మిక్కిలి కొరవడెను.