చిన్నకారునకు ఇంజను చేయు విధము

బొమ్మకారు వేఱు, నమూనాకారు వేఱు. బొమ్మకారు నేలమీద దొర్లిన చాలును. దానిని చూచి పసిబిడ్డ నవ్వినచో మఱియు మంచిది. నమూనాకారున కింతతో తీఱదు. నిజమైన కారులో ఇన్నవ వంతు అని మొదటనే నిర్ణయించుకొని, చక్రము మొదలు తలుపుపిడి వఱకు ప్రతి యంగమును ఆ వంతు తప్పకుండ చేసి కూర్చినదే నమూనా యనిపించుకొనును. అంగళ్లలో దొరకు చిన్నకారులలో పెక్కింటికి బానెట్టు తెఱచుకొనదు. తెఱచుకొన్నను లోపల ఇంజనునకు మాఱుగా ఒక ప్లాస్టిక్కు పలక యుండును. ఆ పలకను తీసివేసి, దాని చోట నిజమైన ఇంజనును పోలినదానిని, విడిభాగములు కొనకుండ, మన చేతులతోనే అంగాంగముగా చేసి నిలుపుట యెట్లో ఈ వ్యాసమున వివరింతును.

ఇది సీమనుండి వచ్చిన వేడుక యని కొందఱు తలంతురు. వేడుక క్రొత్తదే కాని పనితనము మనకు క్రొత్తది కాదు. విజయవాడకు వాయవ్యమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యను ఎండబెట్టి, సన్నని సెగను కాచి తేమను పోగొట్టి, తల, మొండెము, చేతులు వేఱువేఱుగా చెక్కుదురు. పిమ్మట చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో వానిని అతికి, సుద్ద పూసి, రంగులు వేయుదురు. సంక్రాంతి బొమ్మల కొలువులో అంబారీ యేనుగును, ఎడ్లబండిని చూడనివారు మన ప్రాంతమున అరుదు. ఆ యెడ్లబండిని ఒకమాఱు చేతికి తీసికొని పరికింపుడు. పెద్ద వస్తువును మనసులో అంగములుగా విడదీసి, ఒక్కొక్కదానిని వేఱుగా చెక్కి, మరల ఒక్కటిగా కూర్చుటయే అందలి మర్మము. ఇంజను చేయుటయు ఇదియే. అయితే బొమ్మ చేయువాడు ఇంపు కొఱకు ఏనుగు చెవిని కొంచెము పెంచవచ్చును; నమూనా చేయువానికి ఆ స్వేచ్ఛ లేదు.

ఇంగ్లండులో జెరాల్డ్ వింగ్రోవ్ అను నతడు పేరుపొందిన పాతకారులను 15వ వంతు, 20వ వంతు కొలతలలో నిర్మించి ఖ్యాతి గాంచెను. ఆయన పని చాలవఱకు లోహముతోడిది, లేతుయంత్రము మీదిది. మన విద్యార్థులకు లేతు లేకపోయినను కొఱత లేదు. ఆకురాయి, సన్నని పట్టకారు, కత్తెర, చిన్న చేతిబరమా, ఉప్పుకాగితము, మిల్లీమీటరులో పదవ వంతు చూపు వెర్నియరు, ఇవి చాలును. వీనిలో వెర్నియరు ముఖ్యము. కత్తి మొద్దైనచో నూరుకొనవచ్చును. కొలత తప్పినచో నూఱుట కేమియు నుండదు.

నమూనాలకు వాడుకలో నున్న వంతులలో 24వ వంతు మనకు అనుకూలము. నిజమైన కారుమీద 24 మి.మీ. ఉన్నది మన కారుమీద 1 మి.మీ. అగును. ఇక ఏ ఇంజను? ఎవరికి తెలిసినది వారు చేయవచ్చును గాని, నా మతమున అంబాసిడరు ఇంజను మేలు. పశ్చిమ వంగదేశములోని ఉత్తరపాడ కర్మాగారమున 1958 మొదలుకొని 2014 వఱకు ఈ కారు తయారైనది. దీనిలో చిరకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను బ్రిటిషు మోటారు కార్పొరేషను వారి బి-వరుసకు చెందినది. సిలిండర్లు నాలుగు, ఒక్కొక్కదాని లోపలి వ్యాసము సుమారు 73 మి.మీ., పిస్టను నడక సుమారు 89 మి.మీ. ఈ కొలతలతో నాలుగు సిలిండర్ల ఘనపరిమాణమును గుణించి చూచినచో 1489కి మిక్కిలి దగ్గఱగా వచ్చును. పై తరగతులవారు చేసి చూచుకొనవచ్చును. 24వ వంతున వ్యాసము 3 మి.మీ., నడక 3.7 మి.మీ. మాత్రమే. పొడవు 24వ వంతైనపుడు ఘనపరిమాణము 13,824వ వంతగును గనుక, ఈ చిన్న యింజను నాలుగు సిలిండర్లలో కలిపి పట్టునది రమారమి రెండు నీటిబొట్లు.

ఈ యింజనునే యెంచుటకు వేఱొక కారణము కలదు. కారు తయారు ఆగిపోయినది. పాత ఇంజనులు ఒక్కొక్కటిగా విప్పబడి తుక్కిలో చేరుచున్నవి. తుక్కిలో చేరిన దానిని ఎవరును కొలువలేరు. కావున కొలుచువాడు ఇప్పుడే కొలువవలెను. విజయవాడలో 1960లలో వెలసిన జవహర్ ఆటోనగరు మోటారుబండ్ల మరమ్మతులకు పేరెన్నిక గన్నది. తండ్రినో, అన్ననో తోడు తీసికొని, పని తొందర లేని వేళ పోయి, “మేస్త్రీగారూ, దీనిని కొలుచుకొందుమా?” అని వినయముగా అడుగవలెను. ఇంజను చల్లారియుండుట చూచుకొని, ముందు నుండి, రెండు ప్రక్కలనుండి, పైనుండి నాలుగు పటములు గీసికొని, ప్రతి గీతప్రక్కను కొలత వ్రాసికొనవలెను. ఫొటో ఉన్నది కదా, కొలత లెందుకని కొందఱందురు. ఫొటోలో దగ్గఱిది పెద్దదిగాను, దూరపుది చిన్నదిగాను కనబడును. దానిని నమ్మి చేసిన ఇంజను వంకర పోవును.

ఇక పని. ఇంజను బ్లాకు, పైన కూర్చుండు హెడ్డు, దానిమీది వాల్వుల మూత, క్రిందనున్న నూనెతొట్టి, వెనుక గేరుపెట్టె, ఈ అయిదింటిని తెల్లపొణికితో చేయవచ్చును. ఈ కొయ్య తేలికయైనది, మెత్తనిది, చిన్నకత్తికే లొంగును. అయితే మెత్తదనమే దాని దోషము కూడ. సన్నని అంచు నిలువక పొడి యగును. కావున లావైన అంగములకు కొయ్య, పలుచని అంగములకు లోహము అని నియమము పెట్టుకొనుడు. అయిదు ముక్కలను వేఱువేఱుగానే చెక్కవలెను. ఒకే దిమ్మను చెక్కి నడుమ గీతలు గీసినచో అది ఇంజను బొమ్మ యగునే కాని ఇంజను నమూనా కాదు, ఏలయన నిజమైన ఇంజనులో హెడ్డు బ్లాకు కలియుచోట నుండు సన్నని నీడ గీతకు రాదు. చెక్కిన పిదప పల్చని మక్కు పూసి, ఆరనిచ్చి, ఉప్పుకాగితముతో రుద్ది, మరల పూయవలెను. కొయ్యనార కనబడినంతసేపు అది ఇనుమని కన్ను నమ్మదు.

పొగగొట్టపు మానిఫోల్డు దగ్గఱ పెక్కుమంది తడబడుదురు. సిలిండర్లు నాలుగు గదా యని నాలుగు కొమ్మలు చేయుదురు. కాని ఈ యింజనులో పొగ పోవు ద్వారములు మూడే! మొదటి సిలిండరునకు ఒకటి, నాలుగవదానికి ఒకటి, నడుమనున్న రెండింటికిని కలిపి ఒకటి. పెట్రోలు ఆవిరి లోనికి పోవు ద్వారములు రెండు. ఒక్కొక్కటి రెండేసి సిలిండర్లకు. ఈ అయిదు ద్వారములును హెడ్డునకు ఒకే ప్రక్కన నుండును. కార్బ్యురేటరు ఆ ప్రక్కననే కూర్చుండును. స్పార్కు ప్లగ్గులును, వానికి నిప్పు పంచు డిస్ట్రిబ్యూటరును రెండవ ప్రక్కన నుండును. ఇది తెలిసినవాడు చేసిన ఇంజనును ఏ మేస్త్రీ చూచినను, “ఇది అంబాసిడరుది” అని చెప్పగలడు. మూడు కొమ్మలను మెత్తని రాగితీగతో వంచి, కలియుచోట మక్కు చుట్టి నునుపు చేయవలెను.

తీగ లెక్కడివి అని యడుగుదురేమో. మచిలీపట్నమును ఆనుకొనిన చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు ప్రసిద్ధి చెందినది. కంసాలులు కమ్మచ్చు అను చిల్లుల పలకలో తీగను ఒక్కొక్క బెజ్జమునుండి లాగి సన్నగా తీయుదురు. అట్టి యిత్తడి, రాగి తీగతునకలు మన పనికి చక్కగా నొప్పును. అది దొరకనిచో ఫానులకు, మోటార్లకు చుట్టు వైండింగుతీగ ఏ ఊరనైనను దొరకును. ప్లగ్గుతీగ నిజముగా 7 మి.మీ. లావు, మనకు 0.29 మి.మీ. కావలెను. 31 గేజి వైండింగుతీగ సరిగా అంతే యుండును. కుట్టుదారము వాడవలదు, దాని నూగు ఈ కొలతలో త్రాటిపీచువలె కనబడును.

తీగలు ఏ ప్లగ్గునుండి యెచ్చటికి పోవలెనో కూడ తెలిసియుండవలెను. ఈ యింజనులో నిప్పు పడు వరుస 1, 3, 4, 2. డిస్ట్రిబ్యూటరు మూతచుట్టు నాలుగు తీగలును ఈ వరుసనే యుండును, 1, 2, 3, 4 అని కాదు. నడుమనున్న అయిదవ తీగ కాయిలునకు పోవును. నాలుగు తీగలను అందముగా సమానదూరమున పఱచి తమకు తోచినట్లు తగిలించువారు కలరు. అట్టి ఇంజను నిజమైనదైనచో నడువదు. నడువనవసరము లేని నమూనాలో దీని కింత పట్టుదల యెందుకన్నచో, నమూనాకారునకు విలువ తెచ్చునది ఇదియే: ప్రతి యంగము ఎందుకు అచ్చట నున్నదో చేసినవానికి తెలిసియుండుట. డీజిలు ఇంజను చేయదలచినవారికి ప్లగ్గులే యుండవు. పంపునుండి ఇంజెక్టర్లకు నాలుగు ఉక్కుగొట్టములు పోవును. వాని పొడవులు సాధారణముగా సమానముగా నుంచుదురు. దగ్గఱి సిలిండరునకు పోవునది అందుచేతనే ఎక్కువ వంపులు తిరుగును.

బోల్టుతలలు చిన్నవైనను ఇంజనునకు ప్రాణము పోయును. నిజముగా 12.7 మి.మీ. ఉన్న తల మనకు అర మిల్లీమీటరు. దానిని విడిగా చేయబూనుట వృథాప్రయాస. మందుబిళ్లల అట్టనుండి తీసిన అల్యూమినియపు రేకును మెత్తని గుడ్డపై బోర్లవేసి, మొద్దుసూదితో వెనుకనుండి నొక్కినచో ఎదుట చక్కని బుడిపె లేచును. కంసాలి నగిషీ పనివంటిదే. బుడిపెల వరుసను కత్తిరించి అంచున అతికిన చాలును.

ఫానును రేకుతో కత్తిరించి, ఱెక్కలన్నిటిని ఒకే వైపునకు మెలిపెట్టవలెను. అది రేడియేటరు గుండ గాలిని ఇంజను వైపునకు లాగవలెను గాని వెలికి త్రోయరాదు. బెల్టు ఫానును, క్రింది క్రాంకుకప్పీని, ప్రక్కనున్న డైనమోను చుట్టి త్రికోణముగా తిరుగును. నల్లకాగితపు పట్టీ దీనికి చాలును. రేడియేటరు ముఖమునకు సన్ననేత పట్టుగుడ్డను అతికి రంగు వేసినచో సరిపోవును.

ఎంతవఱకు చేయవలెను, ఎచ్చట ఆగవలెను? చదువునంత దూరమున మన కన్ను సుమారు పదవ వంతు మిల్లీమీటరును మాత్రమే విడదీసి చూడగలదు. నిజమైన ఇంజనులో 2.4 మి.మీ. కంటె సన్నమైనది ఈ కొలతలో ఆ హద్దునకు లోబడును. బోల్టు మరలు, రేకుమీది చిన్న అక్షరములు వదలివేయుడు. వానిని బలవంతముగా చూపబోయినచో లావై, తక్కినవానిని కూడ అబద్ధము చేయును.

రంగులయందు మెఱుపు శత్రువు. అంగడి నల్లరంగును ఉన్నదున్నట్లు పూసినచో ఇంజను బొగ్గుముక్కవలె నుండును. దానిలో కొంచెము తెల్లరంగు కలుపవలెను. మానిఫోల్డు వేడికి త్రుప్పుపట్టి యుండును గనుక, జేగురుమన్నును దీపపుమసిని మెత్తగా నూఱి పొడిగానే కుంచెతో అద్దినచో ఆ వన్నె సరిగా వచ్చును. నూనె మరకలు వాల్వుల మూత అంచున ఒకటి రెండు చాలును. ఎనామెలు రంగులు తలుపులు తెఱచిన గదిలోనే పూయవలెను. చిన్నపిల్లలకు కత్తి, రంపము అందనీయరాదు. ఇది తల్లిదండ్రులు గమనింపవలెను.

తెల్లపొణికి గూర్చి ఒక మాట. ఈ చెట్టు అడవులలో తఱిగిపోవుచున్నదని కొండపల్లివారు చాలకాలముగా చెప్పుకొనుచున్నారు. వారికి అది జీవనాధారము, మనకు వేడుక. కావున దుంగ కొనబోవలదు. మన ఇంజనంతయు బొటనవ్రేలంత కొయ్యలో ముగియును. వారి చెక్కుడులో మిగిలిన తునక నడిగి, దానికి తగిన వెల యిచ్చి తెచ్చుకొనుడు. అదియు దొరకనినాడు మఱేదైన మెత్తని కొయ్యతో చేయవచ్చును, నార పూడ్చుటకు మక్కు ఇంకొకమాఱు పూయవలసివచ్చును, అంతే.

కూర్పునకు ముందు అంగములన్నిటిని మైనముతో తాత్కాలికముగా నిలిపి, కారులో పెట్టి, బానెట్టు మూసి చూడవలెను. కార్బ్యురేటరుపైని గాలివడపోత చాలమాఱులు బానెట్టునకు తగులును. తగిలినచో వడపోతను అరుగదీయకుడు. ఇంజనును నిలిపిన దిమ్మెను క్రిందినుండి కొంచెము తగ్గింపుడు. అంతయు సరిపోయిన పిమ్మటనే జిగురు. మొదట బ్లాకు, తరువాత మానిఫోల్డు, ఆ తరువాత డైనమో, బెల్టు, చిట్టచివర తీగలు. ఆటోనగరులో గీసికొన్న నాలుగు పటములను పారవేయక, కొలిచిన తేదీని, ఇంజనుమీది సంఖ్యను వ్రాసి, కారును నిలిపిన పలక క్రింద అంటించి యుంచవలెను.