బుట్టలో బుజ్జి, రోడ్డు నిండా లారీలు

ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డికి ఇల్లు మారేటప్పుడు మా పిల్లి బుజ్జిని మొదటిసారి కారెక్కించాను. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ హారన్ మోగగానే చెవులు వెనక్కి వాల్చి, నోరు తెరిచి రొప్పింది. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాకానే వినిపిస్తుంది; పిల్లికి 60 దాకా. ఆ రొద దానికెంత నరకమో అప్పుడర్థమైంది.

ఇప్పుడు వారం ముందే బుట్టను హాల్లో తెరిచి పెడతాను. లోపల నేను కట్టి విడిచిన నూలు చీర ముక్క పరుస్తాను. అలవాటైన వాసనే దానికి ధైర్యం. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టను, నీళ్లు మాత్రం ఆపను. బుట్ట మీద పల్చటి గుడ్డ కప్పి, ముందు సీటు వెనక కింద కదలకుండా పెడతాను. మరీ బెదిరే పిల్లయితే పశువైద్యుణ్ణి అడగండి. మన మాత్రలు ఎన్నడూ వేయకండి.

మొన్న పటాన్‌చెరు దాటేసరికి బుజ్జి ముడుచుకుని నిద్రపోయింది. నా ప్రాణం కుదుటపడింది.