నిండడానికి ఇంకెంత?

సోమశిల జలాశయం మట్టం గురించి పేపర్లో చదివే రైతు మనసులో ఎప్పుడూ రెండు అంకెలుంటాయి. ఒకటి ఆ రోజు మట్టం. రెండోది 330 అడుగులు, అంటే పెన్న మీది ఈ డ్యాము పూర్తి నీటిమట్టం. రెండోది తెలియకపోతే మొదటిదాంతో పనే లేదు. వరద రోజుల్లో దిగువ ఊళ్లలో అందరూ అడిగేది ఒకటే: నిండడానికి ఇంకెంత ఉంది?

మన డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని ప్రాసెసర్ కూడా తన వేడిని ఇలాగే లెక్కపెట్టుకుంటుంది.

మే నెల మధ్యాహ్నం, బయట 42 డిగ్రీల ఎండ. ఆత్మకూరులో ఓ డీటీపీ షాపు ఉందనుకుందాం. అక్కడ ఉష్ణోగ్రతలు చూపే ప్రోగ్రాం తెరిస్తే ఇలాంటి వరుస కనబడవచ్చు: ప్రాసెసర్ 72, మదర్‌బోర్డు 48, హార్డ్‌డిస్కు 46, అర్థంకాని పేరున్న ఇంకో సెన్సర్ 127. చివరి అంకె చూడగానే గుండె జారుతుంది. నీళ్లు మరిగేది 100 దగ్గరే కదా! కంగారుపడే ముందు, ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోవాలి.

1833లో మైకేల్ ఫారడే ఒక వింత గమనించాడు. లోహాలు వేడెక్కితే విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది. వెండి సల్ఫైడులో మాత్రం తగ్గింది. ఆ గుణం మీద ఆధారపడిన థర్మిస్టర్‌కు దాదాపు వందేళ్ల తర్వాత, 1930లో, అమెరికాలో శామ్యూల్ రూబెన్ రూపమిచ్చాడు. మిరియపు గింజంత ఈ పరికరమే పాత మదర్‌బోర్డుల మీద ప్రాసెసర్ సాకెట్ నడుమ నిలబడి, చిప్‌కు కింది నుంచి వేడి చూసేది. అన్నం ఉడికిందో లేదో గిన్నె అడుగు తాకి చెప్పినట్టు ఉండేది ఆ పని. లోపలి వేడి దాని దాకా వచ్చేసరికే ఆలస్యమైపోయేది.

ఆ ఆలస్యం ఎంత ప్రమాదమో 2001లో లోకం కళ్లారా చూసింది. టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రికవాళ్లు, ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ల మీద వేడిని లాగేసే హీట్‌సింక్ ఊడదీసి వీడియో తీశారు. ఏఎండీ ఆథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోయింది. ఇంటెల్ పెంటియం 3 ఆగిపోయింది, కానీ బతికింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని, ఆటను ఈడ్చుకుంటూనే నడిపింది. దాని సెన్సర్ చిప్‌లోనే ఉంది, ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడకుండా తనే వేగానికి కళ్లెం వేసింది.

చిప్‌లో సెన్సర్ పెట్టడానికి కొత్త పదార్థమేమీ అక్కర్లేదు. సిలికాన్ డయోడ్ గుండా మారని కరెంటు పంపితే, ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ దాని కొసల మధ్య వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. 50 డిగ్రీలు పెరిగితే పదో వంతు వోల్టు తగ్గినట్టు. ఆ తగ్గుదలను కొలిచి అంకెగా మారిస్తే చాలు.

2006 నాటి కోర్ 2 డ్యూయో తరం నుంచి ఇంటెల్ చిప్‌లు మన సోమశిల లెక్కలోకి వచ్చేశాయి. చిప్ చెప్పేది తన వేడి ఇంత అని కాదు, పరిమితికి ఇంకా ఇన్ని డిగ్రీలు మిగిలాయని. పరిమితి 100, మిగిలింది 28 అయితే, ప్రోగ్రాం తీసివేత చేసి 72 అని తెరమీద వేస్తుంది. పరిమితిని తప్పుగా అనుకుంటే జవాబూ తప్పే. 2008లో ఇంటెల్ ఆ పరిమితి అంకె బయటపెట్టేదాకా, ఒకే రకం చిప్‌కు కొన్ని ప్రోగ్రాంలు పరిమితి 95 అనీ, కొన్ని 105 అనీ లెక్కగట్టాయి. తేడా ఏకంగా 10 డిగ్రీలు! పైగా ఈ సెన్సర్లకు గురి కుదిర్చేది పరిమితి దగ్గరే. చిప్ చల్లగా ఉన్నప్పుడు అవి చెప్పే మాటను అంతగా పట్టించుకోనక్కర్లేదు.

2017లో రైజెన్ 7 1800ఎక్స్ కొన్నవాళ్లకు మరో చిక్కు వచ్చింది. ఫ్యాను తీరు అన్ని మోడళ్లలో ఒకేలా ఉండాలని, ఏఎండీ ఆ చిప్ చూపే అంకెకు 20 డిగ్రీలు కావాలనే కలిపింది. తెరమీద 58 అంటే అసలు వేడి 38. ఇక 2022లో వచ్చిన రైజెన్ 7000 చిప్‌లైతే, గట్టి పని పడితే 95 దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా తయారయ్యాయి.

మరి ఆ 127 సంగతి? చాలా మదర్‌బోర్డుల్లో సెన్సర్ తగిలించుకోవడానికి ఖాళీ చోట్లు ఉంటాయి. ప్లస్, మైనస్ గుర్తుతో కలిపి ఎనిమిది బిట్లలో రాయగలిగే అతిపెద్ద అంకె 127. తీగే లేని చోట, మదర్‌బోర్డు మీద వేడి కొలిచే చిప్ ఆ చివరి అంకె చూపి ఊరుకుంటుంది. అక్కడ వేడీ లేదు, సెన్సరూ లేదు.

ఇక మిగిలింది ఎండ. ఉదయగిరి కొయ్య గరిటె పొయ్యి మీద ఎంతసేపున్నా పిడి చేతికి కాలదు. రాగి, అల్యూమినియం హీట్‌సింకుది సరిగ్గా దానికి ఎదురు పని: చిప్ వేడిని లాగి గాలికి ఇచ్చేయాలి. గాలే 42 డిగ్రీలుంటే చిప్‌ను అంతకంటే చల్లబరచడం ఏ ఫ్యాను వల్లా కాదు. చలికాలం ఉదయం 25 డిగ్రీల గదిలో 55 చూపిన ప్రాసెసర్, అదే పని చేస్తూ మేలో గది కూడా 42 ఉన్నప్పుడు 72 చూపిందంటే అందులో పెరిగిన 17 డిగ్రీలూ గదివే. యంత్రానికి ఏమీ కాలేదు. అదే 72 చలికాలంలో కనబడితే మాత్రం దుమ్మో, చిప్‌కూ హీట్‌సింకుకూ నడుమ ఎండిపోయిన పేస్టో కారణమై ఉంటుంది.

పరీక్షించడం సులువు. రాత్రంతా ఆపి ఉంచిన కంప్యూటర్‌ను తెల్లవారి ఆన్ చేసి మొదటి నిమిషంలోనే అంకెలు చూడాలి. మదర్‌బోర్డు, హార్డ్‌డిస్కు గది వేడికి దగ్గరగా ఉండాలి. గదికంటే బాగా చల్లగా చూపేది అబద్ధం చెబుతున్నట్టే. తర్వాత బరువైన పని ఇచ్చి, ఏ అంకె లేస్తుందో గమనించాలి. చివరికి కరెంటు తీసి, పక్క మూత విప్పి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, పెయింటు బ్రష్షుతో హీట్‌సింకు సందుల్లోని దుమ్ము దులపాలి. గది వేడి మునుపటంతే ఉన్నప్పుడు అదే పని చేస్తూ మళ్లీ చూస్తే, దుమ్ము పట్టి ఉన్న ప్రాసెసర్ అంకె కొన్ని డిగ్రీలు దిగి ఉంటుంది. 127 మాత్రం ఉన్నచోటే ఉంటుంది.