చౌక అద్దముతో దగ్గరి ఛాయాచిత్రములు

2021 డిసెంబరులో గుంటూరు జిల్లాలోని ఒక గ్రామమునకు మేము వెళ్లినప్పుడు, పంచాయతీ కార్యాలయపు అరుగుపై ఒక మిరప రైతు ఫోను చేతబట్టుకొని కూర్చుండి యుండెను. అతని తోటలో పూత రాలిపోవుచుండెను. పూవులను దగ్గరగా ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపగా, ఏమియు తెలియుటలేదు, స్పష్టమైన ఫొటో పంపుమని జవాబు వచ్చినది. నాలుగు సార్లు పంపినాడు. నాలుగు సార్లును అదే జవాబు. "పువ్వు దులిపితే ఏవో నల్లగా కదులుతున్నాయండీ. కంటికి కనబడుతున్నాయి, ఫోనుకే కనబడటం లేదు" అని అతడు మాతో చెప్పెను. అది తెగులనుకొని అప్పటికే రెండుమార్లు మందు చల్లియుండెను.

తప్పు రైతుది కాదు, అధికారిది కాదు. సాధారణమైన ఫోను కెమెరా ఎనిమిది, పది సెంటీమీటర్లకంటె దగ్గరనున్న వస్తువును స్పష్టముగా పట్టుకొనలేదు. పది సెంటీమీటర్ల దూరమున తీసిన చిత్రములో సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పు గల స్థలము పట్టును. అందులో ఒక మిల్లీమీటరు పురుగు ఎంత? ఒక నలుసు. తరువాత ఆ చిత్రమును రెండు వ్రేళ్లతో ఎంత సాగదీసినను, ఆ నలుసే పెద్దదగును గాని దానికి కాళ్లు రావు.

కెమెరా ముందు ఒక కుంభాకార కటకమును, అనగా భూతద్దమును ఉంచినచో ఈ చిక్కు తొలగును. ఏ భూతద్దమైనను పనికివచ్చునా అని మేము కొన్ని వారములు ప్రయత్నించి చూచితిమి. మొదట మా ఇంటి పెద్దల చదువు కళ్లద్దములను తీసుకొంటిమి. ఫలితము నిరాశాజనకము. కారణము పిదప తెలిసినది. కళ్లద్దముపై వ్రాసిన అంకెతో 100ని భాగించినచో ఆ అద్దపు నాభ్యంతరము సెంటీమీటర్లలో వచ్చును. 2 అంకె అద్దమునకు 50 సెంటీమీటర్లు, 4 అంకె అద్దమునకు 25. ఫోను తనంతట తానే పది సెంటీమీటర్ల వరకు చూడగలిగినప్పుడు ఇట్టి బలహీనమైన అద్దము దానికి చేయు సహాయము బహు స్వల్పము.

నగల పనివారు కంటికి ఆనించుకొను చిన్న భూతద్దముతో మా పని సాగినది. దానిపై "10 రెట్లు" అను గుర్తు ఉండును. ఇట్టి అద్దములకు వేరొక లెక్క కలదు: 250ని ఆ అంకెతో భాగించినచో నాభ్యంతరము మిల్లీమీటర్లలో వచ్చును. పది రెట్ల అద్దమునకు 25 మిల్లీమీటర్లు, అనగా అంగుళము. వస్తువును అద్దమునకు అంగుళము దూరమున నుంచవలెను. అప్పుడు చిత్రములో పట్టు వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లకు తగ్గును. పురుగు నాలుగు రెట్లు పెద్దదిగా పడును. మేము తీసిన మొదటి చిత్రములో పెనుబంక కాళ్లను, మీసములను లెక్కించగలిగితిమి. ఈ అద్దము వెల రెండు మూడు వందల రూపాయలకు మించలేదు. ఫోనుకు తగిలించుటకై క్లిప్పుతో అమ్ము "మాక్రో" అద్దములును దాదాపు ఇదే పని చేయును.

చేనేత సంఘములున్న గ్రామములలో ఇంకొక సాధనము అందుబాటులో ఉండవచ్చును. బట్టలో పోగులు లెక్కించుటకు వాడు మడత భూతద్దమది. దాని కాళ్లు బట్టపై ఆనినప్పుడు అద్దము సరిగా నాభ్యంతర దూరమున నిలుచును. చేతి వణుకు లేదు, దూరము కొలుచు శ్రమ లేదు. అడుగు చట్రముపై కొలగీతలు కూడ ఉండును. ఆకును చదునుగా పరచి, దానిపై ఈ అద్దము నిలిపి, పైన ఫోనును ఆనించి తీసిన చిత్రములే మాకు అన్నిటికంటె బాగుగా వచ్చినవి. నెదర్లాండ్సులోని డెల్ఫ్ట్ పట్టణములో బట్టల వర్తకము చేసిన లీవెన్‌హుక్ స్వయముగా తయారుచేసుకొన్న చిన్న ఒంటి కటకములతో 1670 దశకములో నీటిలోని సూక్ష్మజీవులను చూచెనని ఇక్కడ గుర్తు చేయుట అప్రస్తుతము కాదు.

ఇంకను చౌక మార్గములు లేకపోలేదు. పాడైన డి.వి.డి. యంత్రములోని బఠాణీగింజంత కటకమును తీసి కెమెరాపై అంటించి చూచితిమి. అది చాల పెద్దదిగా చూపును గాని, పురుగు అద్దమునకు దాదాపు తగులునంత దగ్గర నుండవలెను. అప్పుడు దానిపై వెలుగు పడదు. పలుచని గాజు పలకపై నిలిపిన నీటి బొట్టు కూడ కటకమే. పిల్లలకు అది చక్కని వినోదము, కాని పొలములో గాలికి నిలువదు. బొట్టును నేరుగా ఫోనుపై వేయరాదని చెప్పనక్కరలేదు. పాఠశాలలకు మాత్రము "ఫోల్డ్‌స్కోప్" అను కాగితపు సూక్ష్మదర్శినిని సిఫారసు చేయగలము. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మను ప్రకాశ్ బృందము రూపొందించి 2014లో ప్రకటించిన ఈ సాధనము వస్తువును 140 రెట్ల వరకు పెద్దది చేసి చూపును. దానిని ఫోనుకు జతచేసి చిత్రములు తీయవచ్చును.

అద్దము దొరికిన తరువాత అసలు కష్టము ఆరంభమగును. నేటి ఫోనులకు రెండు మూడు కెమెరా కండ్లు ఉండును. ఒక్కొక్క దానిని వ్రేలితో మూసి చూచి, ఏది మూసిన తెర చీకటియగునో దానిపైననే అద్దము నుంచవలెను. అద్దము కెమెరాకు ఆనియుండవలెను. ఎడము ఎక్కువైనచో అంచులు నల్లబడును. ఫోనును స్థిరముగా పట్టుకొని, దానిని కాక వస్తువును మెల్లగా ముందుకు వెనుకకు జరుపుట సులువు. దగ్గరి చిత్రములలో స్పష్టత ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమునకే పరిమితము: పురుగు తల తేటగా వచ్చినచో తోక మసకబారును. కావున ఒకటి కాదు, పది చిత్రములు తీసి అందులో మంచిదానిని ఏరుకొనవలెను. ఎండలో తీసిన చిత్రములకంటె నీడలో ఒకవైపునుండి తెల్ల కాగితముతో వెలుగు మళ్లించి తీసినవి మేలు. గాలి వీచునప్పుడు కొమ్మపై తీయబోవుట వ్యర్థము. కొమ్మను త్రుంచి గదిలోనికి తెండు, లేదా పూవును తెల్లని పళ్లెములో దులుపుడు.

అధికారికి ఒక్క చిత్రమును పంపుట చాలదు. మొక్క మొత్తము ఒకటి, ఆకు లేదా పూవు ఒకటి, పురుగు ఒకటి పంపవలెను. పురుగు ప్రక్కన పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు పెట్టినచో దాని పరిమాణము సందేహము లేక తెలియును. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపినచో అది కుదించబడి సూక్ష్మ వివరములు పోవును; "డాక్యుమెంటు"గా పంపినచో తీసినది తీసినట్లే చేరును. ఇది తెలియకనే మేమును కొన్ని మంచి చిత్రములను పాడుచేసితిమి.

ఇంత శ్రమ ఎందుకని అడుగువారు మొక్కజొన్న రైతులను అడుగుడు. అమెరికా ఖండముల కత్తెర పురుగు 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతమున బయటపడి, ఆ యేడే తెలుగు రాష్ట్రములకు వ్యాపించినది. చూచుటకు అది ఇతర లద్దె పురుగుల వలెనే ఉండును. తలపై తలక్రిందులైన ఇంగ్లీషు "వై" అక్షరము, తోకకు ముందరి కణుపుపై చదరముగా అమరిన నాలుగు నల్ల మచ్చలు దాని గుర్తులు. బాగుగా ఎదిగిన పురుగున ఇవి కంటికే తెలియును. చిన్న దశలో, అనగా మందు బాగుగా పనిచేయు దశలో, అద్దము కావలెను.

దోమ పిల్లల విషయము నేరుగా పంచాయతీదే. గాజు గ్లాసులో నీరు ముంచి ప్రక్కనుండి చిత్రము తీయుడు. నీటి మట్టమునకు సమాంతరముగా పడుకొని యున్నది అనాఫిలిస్, మలేరియాను మోయు జాతి. తల క్రిందికి వ్రేలాడునవి క్యూలెక్స్, ఏడిస్ జాతులు. ఈ ఏడిస్ దోమయే డెంగీని వ్యాపింపజేయును.

ఈ పద్ధతికి హద్దులు కలవు. మిరపలో ఆకు పైకి ముడుచుకొనుట తామర పురుగు వలన, క్రిందికి ముడుచుకొనుట నల్లి వలన అని రైతులెరుగుదురు. ఆ నల్లి మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే. పది రెట్ల అద్దముతో అది చుక్కగానే మిగులును. వైరసు తెగుళ్లను, పోషక లోపములను చిత్రము ఊహింపజేయునే గాని నిర్ణయింపదు. అట్టి చోట నమూనాను కృషి విజ్ఞాన కేంద్రమునకు చేర్చుటయే మార్గము.

అద్దము, స్కేలు, తెల్ల పళ్లెము, ఒక టార్చి కలిపి పంచాయతీ ఒక సంచిలో పెట్టినచో ఖర్చు వేయి రూపాయలు దాటదు. అది బీరువాలో తాళము వేయబడక, అడిగినవారికి అందునట్లు ఒక సభ్యుడు బాధ్యత వహింపవలెను. బీరువాలోని అద్దమునకు బీరువాలోని చెదలే కనబడును.

ఆ మిరప రైతు విషయము చెప్పవలసియున్నది. మేము మా పది రెట్ల అద్దమును అతని ఫోనుకు ఆనించి, తెల్ల కాగితముపై ఒక పూవును దులిపితిమి. ముదురు గోధుమరంగు, నలుపు కలిసిన సన్నని పురుగులు, ఒక మిల్లీమీటరు పొడవు, ఈకల వంటి రెక్కలు. మన మిరపకు పూర్వపరిచితమైన తామర పురుగు లేత పసుపుగానుండి చిగురాకులనాశ్రయించును. ఇది పూవులలో గుంపులు కట్టు నల్ల తామర పురుగు. 2015లో బెంగుళూరులో బొప్పాయిపై కనబడిన ఈ జాతి, ఆ 2021లో తెలుగు రాష్ట్రముల మిరప తోటలపై విరుచుకుపడినది. చిత్రము పంపిన గంటలోపల అధికారినుండి జవాబు వచ్చెను: తెగులు మందు ఆపుడు, నీలిరంగు జిగురు అట్టలు కట్టుడు, రేపు ఉదయము నేను వచ్చెదను. రైతు ఆ చిత్రమును ప్రక్క చేని వారికి చూపుటకై లేచెను. వెళ్లుచు వెళ్లుచు, "ఈ అద్దం పది రోజుల కిందట ఉంటే రెండు మందుల డబ్బు మిగిలేదండీ" అని, మా అద్దమును తిరిగి ఇచ్చుటకు కొంత తటపటాయించెను. మేము దానిని అచ్చటనే విడిచి వచ్చితిమి.