ఎడమ చేతి తాళం.. ఓ పరుగు పందెం కథ!

కంబం: కారు ఎక్కగానే మనం చేసే మొదటి పని తాళంచెవి తిప్పడం. చెయ్యి తనంతట తానే అక్కడికి పోతుంది. ఆ తాళం అక్కడే ఎందుకు పెట్టారని ఎవరూ అడగరు. కానీ జర్మనీకి చెందిన పోర్షే స్పోర్ట్స్ కార్లు ఎక్కినవాళ్లు మాత్రం మొదటిసారి తడబడాల్సిందే. కారణం.. అందులో తాళం పెట్టే చోటు తిరగబడి ఉంటుంది. అది ఎవరి సరదా కోసమో చేసింది కాదని చెబుతారు. దాని వెనుక ఓ పరుగు పందెం ఉంది. ఆ పరుగు తీసిన ప్రాణాలూ ఉన్నాయి.

అసలు తేడా ఏమిటి?
జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో బండ్లు రోడ్డుకు కుడి పక్కన పోతాయి. అందుకే అక్కడి కార్లలో స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. గేరు కుడి చేతికి అందుతుంది. మామూలు కార్లలో తాళం కూడా స్టీరింగ్‌కు కుడి పక్కనే. అంటే తాళం తిప్పాలన్నా, గేరు వేయాలన్నా కుడి చెయ్యే దిక్కు. ఎడమ చేతికి పని లేదు.

పోర్షేలో అలా కాదు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో లోకానికి చూపించిన 911 కారులో తాళాన్ని స్టీరింగ్‌కు ఎడమ పక్కన, తలుపు వైపు పెట్టారు. ఎడమ చేత్తో ఇంజిన్ స్టార్ట్ చేస్తుండగానే కుడి చేత్తో గేరు వేసేయొచ్చు. రెండు చేతులకూ ఒకేసారి పని. మిగిలేది ఒకటి రెండు సెకన్లు. మన దేశంలోలా స్టీరింగ్ కుడి వైపు ఉండే పోర్షేల్లో ఇది అద్దంలో చూసినట్టు మారిపోతుంది. తాళం కుడి వైపు తలుపు దగ్గరకు వస్తుంది, గేరు ఎడమ చేతికి ఉంటుంది.

ఆ రెండు సెకన్లు దేనికి?
ఫ్రాన్స్‌లో లే మాన్స్ అనే ఊరుంది. అక్కడ 1923 నుంచి 24 గంటల కార్ల పందెం జరుగుతోంది. పగలూ రాత్రీ ఆగకుండా, డ్రైవర్లు మారుతూ నడపాలి. 1925 నుంచి ఆ పందెం మొదలుపెట్టే తీరే వేరు. కార్లన్నీ రోడ్డుకు ఒక పక్క ఏటవాలుగా వరుసగా నిలబెట్టేవారు. డ్రైవర్లు ఎదురు పక్కన నిలబడేవారు. జెండా ఊపగానే రోడ్డు దాటి పరుగెత్తాలి. కారులోకి దూకాలి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి, గేరు వేసి ఉరకాలి. మన పల్లెల్లో తిరునాళ్లకు పెట్టే పరుగు పందేన్ని కారు పందెంతో కలిపి కట్టినట్టన్నమాట! చూసే జనానికి అది పెద్ద వినోదం.

పోర్షే 1951లో తొలిసారి అక్కడ అడుగుపెట్టింది. ఆ ఏడాదే 1100 సీసీ తరగతిలో గెలిచింది. ఆ పందెం తెచ్చిన అలవాటే రోడ్డు కార్లలోకీ వచ్చిందని, ఎడమ తాళం అక్కడిదేనని ఆ కంపెనీ గర్వంగా చెప్పుకుంటుంది. ఇంకో మాట చెప్పేవాళ్లూ ఉన్నారు. తాళం ఆ పక్కన పెడితే వైరు కాస్త తక్కువ పడుతుంది, ఖర్చు కలిసొస్తుంది, అంతే అంటారు. ఏదైతేనేం, జనం నాలుకల మీద నిలిచింది మాత్రం పరుగు కథే.

తొందర తెచ్చిన చేటు
మొదట్లో బెల్టుల గొడవ లేదు. 1959లో స్వీడన్ కంపెనీ వోల్వోలో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటు బెల్టు తయారు చేశారు. ఆ తర్వాత పందెం కార్లలోకీ బెల్టులు వచ్చాయి. చిక్కు అక్కడే మొదలైంది. పరుగెత్తుకొచ్చినవాడు నింపాదిగా బెల్టు బిగించుకుంటే వెనకబడిపోతాడు. అందుకని చాలామంది బెల్టు వదిలేసి బయలుదేరేవారు. మొదటి చుట్టంతా అలాగే నడిపి, తర్వాత వీలు చూసుకుని పెట్టుకునేవారు.

1968లో బెల్జియం డ్రైవర్ విల్లీ మైరెస్ తొందరలో తలుపు సరిగా వేసుకోలేదు. మొదటి చుట్టులోనే అది తెరుచుకుని కారు అదుపు తప్పింది. బతికి బయటపడ్డా, మళ్లీ పందేల్లోకి రాలేకపోయాడు.

1969 జూన్ 14. ఈసారి బెల్జియంకే చెందిన కుర్రాడు జాకీ ఇక్స్ ఎదురు తిరిగాడు. అప్పటికి వయసు 24 ఏళ్లు. జెండా ఊపారు. అందరూ పరుగెత్తారు. ఇక్స్ మాత్రం నింపాదిగా నడుచుకుంటూ పోయాడు! కారులో కూర్చుని, బెల్టు బిగించుకుని, అందరికన్నా చివర బయలుదేరాడు. చూసినవాళ్లు ఏమనుకున్నారో గానీ, అదే మొదటి చుట్టులో ఘోరం జరిగింది. బెల్టు పెట్టుకోకుండా వెళ్లిన బ్రిటన్ డ్రైవర్ జాన్ వుల్ఫ్ పోర్షే 917 అదుపు తప్పింది. కారులోంచి విసిరేసినట్టు పడి ఆయన ప్రాణం పోయింది.

మరి చివర బయలుదేరిన ఇక్స్? 24 గంటల తర్వాత గెలిచింది ఆయనే. జాకీ ఆలివర్‌తో కలిసి ఫోర్డ్ జీటీ40 నడిపి, పోర్షేను నూరు గజాలకు కాస్త అటూ ఇటూ తేడాతో వెనక్కి నెట్టాడు. ఒక రోజంతా సాగే పందెంలో మొదటి రెండు సెకన్లకు విలువెంతో లోకానికి తెలిసొచ్చింది.

పందెం ముగిశాక ఇక్స్ పారిస్ వెళుతుండగా దారిలో ప్రమాదం. వేరే కారు అడ్డం వచ్చి, ఆయన కారు స్తంభానికి గుద్దుకుని నుజ్జయింది. ఇక్స్ బెల్టు విప్పుకుని దెబ్బ తగలకుండా దిగి వచ్చాడు. ఆ రోజు ఆయన నడిపింది పోర్షే 911. అదే ఎడమ తాళం కారు!

పరుగు పోయింది.. తాళం మిగిలింది
1970 నుంచి ఆ పరుగును ఎత్తేశారు. డ్రైవర్లు ముందే కార్లలో కూర్చుని, బెల్టు బిగించుకునే పందెం మొదలుపెట్టారు. విచిత్రమేమంటే, పోర్షే లే మాన్స్‌లో మొత్తం మీద విజేతగా నిలిచింది ఆ పరుగు పోయిన 1970లోనే! 2017 నాటికి 19 సార్లు గెలిచింది. తాళం మాత్రం చోటు మారలేదు. 2024లో కొత్త 911లో తాళంచెవిలా తిప్పేది తీసేసి, నొక్కే మీట పెట్టారు. ఆ మీట కూడా తలుపు వైపే.

తాళం చోటు మార్చినవాళ్లు ఇంకా ఉన్నారు. స్వీడన్‌కు చెందిన సాబ్ 99 కారులో అది రెండు సీట్ల మధ్య, గేరు పక్కన ఉండేది. గుద్దుకున్నప్పుడు మోకాలికి తగలకూడదని ఆ జాగ్రత్త. ఒకరు సెకను కోసం మారిస్తే, ఇంకొకరు మోకాలి కోసం మార్చారు.

మన పక్కవాళ్లూ వెళ్లారు
కోయంబత్తూరుకు పందేల పిచ్చి కొత్తేం కాదు. మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో పందెం కార్లు తయారు చేసిన కరివర్ధన్‌ది ఆ ఊరే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాక, చెట్టిపాళయం దగ్గర 2003లో మొదలైన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. అదే కోయంబత్తూరు నుంచి 2005లో ఫార్ములా వన్‌కు వెళ్లిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్. 2009లో ఆయన లే మాన్స్‌కూ వెళ్లారు. కానీ పందెం మొదలయ్యే ముందు పిట్ గోడ మీంచి దూకబోయి పడ్డారు. భుజం ఎముక జారింది. కారు ఎక్కనేలేదు. తోటి డ్రైవర్లు ఇద్దరే 24 గంటలూ నడిపి ఏడో స్థానం తెచ్చారు. ఆ తర్వాత 2012లో చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ అక్కడ పందెం పూర్తి చేసి ఆరో స్థానంలో నిలిచారు.

కంబంలో పోర్షేలు కనబడకపోవచ్చు. కుమిళి ఘాటూ, కంబంమెట్టు వంపులూ మాత్రం అందరికీ తెలుసు. తెల్లవారకముందే ఏలకుల తోటలకు కూలీలను ఎక్కించుకుని జీపులు కొండెక్కుతాయి. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టు జనం. కాస్త ముందు చేరాలని తొందర. ఆ దారిలో పోయిన ప్రాణాలు ఈ లోయలో చాలా ఇళ్లకు తెలుసు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచితే, లే మాన్స్‌లో ఇక్స్ చూపించింది ఒక్కటే. తాళం ఏ చేత్తో తిప్పినా ఫరవాలేదు. దానికి ముందు బెల్టు బిగించుకోవాలి. మొదట వదులుకున్న రెండు సెకన్లు దారిలో ఎక్కడైనా దొరుకుతాయి.