మంటకు మేత దక్కనివ్వకుండా

ఐర్లండ్ అంటే మన కళ్ల ముందు కదిలేది వాన, పచ్చిక. అలాంటి చోట కొండలు తగలబడతాయంటే నమ్మబుద్ధి కాదు. డబ్లిన్ నగరంలోని బోమాంట్ నుంచి తూర్పుగా సుమారు 10 కిలోమీటర్లు వెళ్తే, సముద్రంలోకి చొచ్చుకుపోయిన హౌత్ కొండ వస్తుంది. 2021 వేసవిలో అది రోజుల తరబడి రగిలింది. డబ్లిన్ ఫైర్ బ్రిగేడ్‌కు తోడుగా సైనిక హెలికాప్టరు కూడా రావలసి వచ్చింది.

అక్కడ కాలేది ఎక్కువగా గోర్స్ అనే ముళ్లపొద. పసుపుపచ్చని పూలు, దగ్గరికెళ్తే అచ్చం కొబ్బరి వాసన. పైకి నిగనిగలాడుతున్నా, కొమ్మలు పక్కకు తీసి చూస్తే లోపలంతా ఎండు ముళ్లే. ఆకుల్లో నూనె కూడా ఉంటుంది కాబట్టి పచ్చి పొదే భగ్గుమంటుంది. అసలు గండం మార్చి నుంచి మే దాకా. పాత గడ్డి ఎండిపోయి కొత్త చిగురు ఇంకా రాని ఆ రోజుల్లో కాస్త పొడిగాలి వీస్తే చాలు. 2021 ఏప్రిల్‌లో కిల్లార్నీ జాతీయ పార్కులో 2,500 హెక్టార్లకు పైగా బూడిదయింది అప్పుడే.

ఇల్లు అంటుకుంటే ఫైరింజన్ గుమ్మం దాకా వస్తుంది. కొండెక్కడానికి దానికి దారేదీ? అందుకే సిబ్బంది వీపున నీళ్ల ట్యాంకు తగిలించుకుని నడిచి వెళ్తారు. మన రైతులు పురుగుమందు కొట్టే స్ప్రేయరే అనుకోండి. చేతిలో పొడవాటి కర్ర, దాని చివర రబ్బరు పలక. దాంతో మంటను బాదితే నిప్పురవ్వలు లేచి పక్క పొదలో పడతాయి. అదిమిపెట్టి గాలాడకుండా చేయాలి. నల్లమలలో ఫైర్ వాచర్లు పచ్చికొమ్మలతో చేసే పనీ అదే.

మంటకు ఎదురెళ్లడం మాత్రం ఉండదు. వెనక నుంచి, కాలిపోయిన నేల మీద కాలు మోపి, రెండు పక్కలా నొక్కుకుంటూ ముందుకు వెళ్తారు. వాలు 10 డిగ్రీలు పెరిగితే ఎగబాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి దానికి పైవైపున నిలబడటమంటే చావును పిలవడమే. అందరూ పనిలో ఉంటే ఒకరు గాలినే కనిపెట్టుకుని ఉంటారు. పారిపోయే దారి ముందే చూసి పెట్టుకుంటారు.

టీవీలో హెలికాప్టరే కనిపిస్తుంది. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు తిరుమల మీదా అదే చూశాం. నిజానికి పైనుంచి పడే నీళ్లు మంట జోరు తగ్గిస్తాయంతే, మిగతాది కిందివాళ్ల పని. మంట దారిలో పొదలు నరికి మట్టి తేలేలా గీత తీస్తారు. పరిస్థితి చేయి దాటితే, అనుభవజ్ఞులు ఎదురుమంట పెట్టి ముందున్న మేతను తామే కాల్చేస్తారు. ఆరినట్టు కనిపించినా నమ్మకూడదు. పీట్ అనే నల్లమట్టి లోపల్లోపల కుములుతూ రోజుల తర్వాత మళ్లీ పొగ లేపుతుంది. దాన్ని తవ్వి, తిరగేసి, తడపాలి. ఫొటోలకెక్కని ఈ చాకిరీయే అన్నిటికన్నా కష్టం.

అసలు మంట పుట్టకముందే దాని మేత తగ్గించేందుకు, 2021 సెప్టెంబరులో ఫింగల్ కౌంటీ కౌన్సిల్ హౌత్ కొండ మీదకు ఐర్లండ్ నాటు మేకలను దించింది. అవి గోర్స్ ముళ్లను కూడా ఇష్టంగా తింటాయి. వాటి మెడలో జీపీఎస్ పట్టీలుంటాయి. ఎక్కడ మేయాలో మ్యాపులో గీత గీస్తే, దాటబోయిన మేక పట్టీ మోగుతుంది.